కెఫీన్ కావాలి, కడుపు మంట వద్దు: ఏ చాయ్, ఏ కాఫీ?

మిర్యాల_నైట్‌డ్యూటీ
అందరికీ నమస్తే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాను. వడ్ల సీజన్ వచ్చిందంటే రాత్రంతా లారీలు వస్తూనే ఉంటాయి. బరువు ఎంట్రీలో ఒక్క అంకె అటూఇటూ అయితే పొద్దున సేటుతో లొల్లి. కాబట్టి కన్ను మూతపడకూడదు, చాయ్ తప్పదు. రాత్రి రెండు దాటిందంటే ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు. పొద్దున డ్యూటీ దిగి పరగడుపున ఇన్‌స్టంట్ కాఫీ తాగితే కడుపులో ఒకటే తిప్పుడు. డాక్టర్‌కు చూపించాను, గ్యాస్ట్రైటిస్ అన్నారు, గోళీలు రాశారు, చాయ్ తగ్గించమన్నారు.

తగ్గిస్తాను, మానడం మాత్రం కుదరదు. కెఫీన్ ఉండి, కడుపుకు కాస్త నెమ్మదిగా ఉండే చాయ్ గానీ కాఫీ గానీ ఏది? దయచేసి కెఫీన్ లేని కాఫీ తాగమనొద్దు, సోంపు నీళ్ళు తాగమనొద్దు. మా ఇంట్లో ఆ సలహాలు ఫ్రీగా దొరుకుతున్నాయి.

గద్వాల_గడుసుపిండం
అన్నా, రాత్రి చాయ్‌తో పాటు మిర్చి బజ్జీ ఎన్ని లాగిస్తున్నావో అది ముందు చెప్పు. ఆ లెక్క చెప్పకుండా పాపం చాయ్ మీద కేసు పెడితే ఎట్లా?

జడ్చర్ల_డికాషన్
నేను చాలాకాలం బెంగళూరులో ఉండి వచ్చినవాడిని, కాబట్టి కాఫీ సైడే మాట్లాడతాను. ముందు నీ ఇన్‌స్టంట్ డబ్బా వెనక చూడు తమ్మీ. కాఫీ-చికోరీ మిశ్రమం అయితే ఏది ఎంత శాతమో రాసి ఉంటుంది. మన దేశపు నిబంధన ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, అంటే చికోరీ 49 దాకా పోవచ్చు. చికోరీలో కెఫీన్ ఉండదు. నిద్ర ఆగడం లేదని రెండు చెంచాలు, మూడు చెంచాలు పెంచుకుంటూ పోతున్నావంటే కారణం అదే కావచ్చు. పైగా చికోరీలో ఇన్యులిన్ అనే పీచు ఉంటుంది, అది కొందరికి కడుపు ఉబ్బరం చేస్తుంది.

గింజ సంగతి. కాఫీ గింజల్లో ముఖ్యమైనవి రెండు రకాలు, అరబికా, రోబస్టా. రోబస్టాలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు, గింజలో సహజంగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు కూడా ఎక్కువే. కడుపు సున్నితంగా ఉన్నవాళ్ళు అరబికా వైపు పోవడం మంచిది. చిక్కమగళూరు, కొడగు అరబికా దొరుకుతుంది. మన తెలుగువాళ్ళదే కావాలంటే అరకు ఉండనే ఉంది, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనేటప్పుడు ముదురుగా వేపినది అడుగు. వేపు ముదిరేకొద్దీ క్లోరోజెనిక్ ఆమ్లాలు తగ్గిపోతాయి. ఎన్‌ఎంపీ అని ఇంకో పదార్థం పెరుగుతుంది, అది కడుపులో ఆమ్లం ఊరడాన్ని కొంత తగ్గిస్తుందని పరిశోధకులు చూశారు. చేదుగా ఉంటే కడుపుకు ఘాటు అనుకుంటాం గానీ, ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది.

వనపర్తి_ఆకుపచ్చ
ఇంత హైరానా ఎందుకండీ, గ్రీన్ టీకి మారితే పోలా? పాలు లేవు, చక్కెర లేదు, కడుపుకు హాయి.

పాలమూరు_మాస్టారు
వనపర్తి గారూ, పరగడుపున చిక్కటి గ్రీన్ టీ తాగి చూడండి, వాంతి వచ్చినట్టు ఉంటుంది చాలామందికి. దాంట్లోనూ వగరు పదార్థాలు దండిగా ఉంటాయి, వాటిని పట్టి ఉంచడానికి పాలు కూడా ఉండవు. మరుగుతున్న నీళ్ళు పోయకుండా ఒక నిమిషం ఆరనిచ్చి పోసి, రెండు నిమిషాలకే ఆకు తీసేస్తే సరే. కానీ కప్పుకు కెఫీన్ పాతిక, ముప్పై మిల్లీగ్రాములే. కాంటా దగ్గర కూర్చున్న అబ్బాయికి అది ఏ మూలకు?

సైన్సు చెప్పి రిటైర్ అయిన వాడిని, కాస్త పొడుగ్గా రాస్తే ఓపిక పట్టండి.

కాఫీ, టీ ఆమ్లం కాబట్టి మంట అనేది అందరూ చెప్పేమాట. లెక్క చూస్తే పొసగదు. ఆమ్లం ఎంత గట్టిదో చెప్పే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం గట్టిది. కాఫీ పీహెచ్ 5 అటూఇటూ. నిమ్మరసం 2, 3 మధ్య. కడుపులో ఊరే రసమే 1.5 నుంచి 3.5. అంత గట్టి ఆమ్లం ఉన్నచోటికి కాఫీ పోయి కొత్తగా కాల్చేదేమీ లేదు. జరిగేది వేరు. ఒకటి, కాఫీ పడగానే కడుపు ఇంకా రసం ఊరుస్తుంది. ఈ పని కెఫీన్ ఒక్కదానిది కాదు, కెఫీన్ తీసేసిన కాఫీ కూడా చేస్తుంది. అందుకే అబ్బాయి ఆ కాఫీ వద్దనడంలో నష్టం ఏమీ లేదు. రెండు, అన్నవాహిక, కడుపు కలిసేచోట ఒక కండరం బిగించి ఉంటుంది. కెఫీన్ దాన్ని వదులు చేస్తుంది. అప్పుడు రసం పైకి తన్నుతుంది, మంట ఛాతీలో తెలుస్తుంది. పుదీనా, చాక్లెట్, నూనె వంటలు కూడా ఆ కండరాన్ని వదులు చేసేవే. చల్లదనం అని పుదీనా చాయ్ తాగేవాళ్ళకు పుల్ల త్రేన్పులు ఎక్కువయ్యేది ఇందుకే.

కాబట్టి బాబూ, ఛాతీ మంట, పరగడుపు తిప్పుడు ఒకటి కావు. మంటకు మూలం రాత్రి తిన్నది, తాగిన మోతాదు, వెంటనే వాలడం. తిప్పుడుకు మూలం ఖాళీ కడుపు. రెండింటికీ ఒకే డబ్బా కొనుక్కొచ్చి వైద్యం చేయలేవు.

హైవే_చాయ్‌అన్న
నకిరేకల్ దాటాక హైవే మీద నాది చాయ్ హోటల్. మాస్టారు చెప్పింది పుస్తకం, నేను గిన్నె సంగతి చెప్తా.

మీరు తాగేది చాలావరకు సీటీసీ చాయ్ పత్తి (టీ పొడి), అంటే నలిపి, చించి, గుండ్రంగా చుట్టిన గుళికలు. నీళ్ళు తగలగానే రంగు, కడక్, కెఫీన్ అన్నీ గబగబా దిగుతాయి. మూడు నాలుగు నిమిషాలు మరిగితే రావాల్సింది వచ్చేసినట్టే. ఆ తర్వాత దిగేది ఎక్కువగా వగరు. రాత్రిపూట చాలాచోట్ల ఏం చేస్తారంటే, పొద్దుమూకినప్పుడు వేసిన పత్తి మీదే మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గుప్పెడు పత్తి, మళ్ళీ పాలు. అది సన్నటి మంట మీద గంటలు గంటలు మరుగుతుంది. నాలుక మందంగా, గొంతు గరగరగా అనిపిస్తే అది అడుగు చాయ్ అని గుర్తు పట్టాలి. గిరాకీ ఉన్నచోట ఈ బాధ తక్కువ, ఎందుకంటే గిన్నె ఖాళీ అవుతూ ఉంటుంది. మీ మిల్లు గేటు దగ్గర ఫ్లాస్కులో పోసిపెట్టిన చాయ్ అయితే దేవుడే దిక్కు.

ఇరానీ చాయ్ అడుగుతారేమో, అది కూడా ముందే చెప్తా. డికాషన్ దమ్ మీద చాలాసేపు ఉంటుంది, పాలు వేరే చిక్కగా కాచి కలుపుతారు. రుచికి నేను దండం పెడతా, నేనే రోజూ తాగుతా. మంట ఉన్న కడుపుకు మాత్రం సిఫార్సు చేయను.

ఇంట్లో నుంచి తెచ్చుకునే వీలుంటే ఇట్లా చెయ్యి తమ్ముడూ. నీళ్ళు బాగా మరిగించి పొయ్యి బంద్ చెయ్. అప్పుడు పత్తి వేసి మూత పెట్టు. మూడు నిమిషాలు. వడకట్టు. పాలు వేరే కాచినవి కలుపు. పత్తి ఫ్లాస్కులో ఒక్క గుళిక కూడా పోవద్దు, పోతే అది రాత్రంతా లోపల ఊరుతూనే ఉంటుంది. అల్లం చిన్న ముక్క అయితే మంచిదే, తిప్పుడుకు పనిచేస్తుంది. మా దగ్గర కొందరు లారీ డ్రైవర్లు "అల్లం దంచి కొట్టు అన్నా" అంటారు, అంత కొడితే అదే మంట.

జడ్చర్ల_డికాషన్
చాయ్‌అన్న చెప్పిన పద్ధతికి ఆకు టీ ఇంకా బాగుంటుంది. నీలగిరి గానీ డార్జిలింగ్ గానీ, గుళికలు కాకుండా ఆకుగా ఉండేది. నెమ్మదిగా దిగుతుంది, వగరు మన చేతిలో ఉంటుంది. రేటు ఎక్కువే, కానీ చెంచా పత్తితో పెద్ద గ్లాసు వస్తుంది.

గద్వాల_గడుసుపిండం
డార్జిలింగ్‌లో బర్రె పాలు పోసి చక్కెర కొట్టే రోజు కోసం ఎదురు చూస్తున్నా.

సూర్యాపేట_వంటిల్లు
పాల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా మరిదికి ఇదే గోల. చాయ్ వల్లే ఉబ్బరం అని మూడు రకాల పత్తి మార్చారు. చివరికి డాక్టర్ కొన్నాళ్ళు పాలు ఆపి చూడమంటే, బ్లాక్ టీ ఎంత తాగినా ఏమీ కాలేదు. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అరగకపోవడం మన దక్షిణాదిలో చాలా మామూలు విషయమట. పెరుగు, మజ్జిగ పడతాయి, పాలు పడవు. మిర్యాల తమ్ముడికి ఉబ్బరం, గుడగుడ ఉంటే చాయ్‌ని తిట్టే ముందు పాలు ఆపి చూడాలి. ఉత్త మంట మాత్రమే అయితే ఇది వర్తించకపోవచ్చు. ఇంకో మాట, బర్రె పాలలో వెన్న ఎక్కువ, అది కడుపులో ఎక్కువసేపు ఉంటుంది. చిక్కటి పాలతో అర్ధరాత్రి గ్లాసు నిండా తాగితే బరువుగానే ఉంటుంది మరి.

పాలమూరు_మాస్టారు
బాగా గుర్తు చేశారమ్మా. అయితే పాలకు ఒక మేలు కూడా ఉంది. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ వగరును పట్టేసుకుంటుంది. పాలు పడేవాళ్ళకు కొంచెం పాలు మంచిదే. పడనివాళ్ళు పలచగా, తక్కువసేపు నానిన బ్లాక్ టీ తాగాలి, నిమ్మకాయ పిండకుండా.

దేవరకొండ_మందులషాపు
మందుల వైపు నుంచి కొన్ని మాటలు. మా కౌంటర్ దగ్గర రోజూ చూసేది చెప్తున్నా.

గ్యాస్ గోళీ అని మీరందరూ అనే పాంటప్రజోల్ లాంటివి తిండికి అరగంట ముందు వేసుకోవాలి. మంట మొదలయ్యాక చాయ్‌తో మింగితే అప్పటికప్పుడు ఏమీ చేయవు. డాక్టర్ రాసిన గడువు దాటి నెలల తరబడి సొంతంగా కొనడం వద్దు. పొంగే పొడులు ఎప్పుడో ఒకసారి సరే, బీపీ ఉన్నవాళ్ళు తరచూ తాగితే వాటిలో సోడియం పనికిరాదు.

మిల్లు తమ్ముడిని ఒకటి అడగాలి. నడుం నొప్పికో తలనొప్పికో గోళీలు వాడుతున్నావా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఖాళీ కడుపున చాయ్‌తో వేసుకుంటే ఆ మంటకు అసలు దోషి చాయ్ కాదు, ఆ గోళీ. వాటితో కడుపులో పుండ్లు పడతాయి. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఇంకో కారణం. దానికి పరీక్ష ఉంది, మందుల కోర్సు ఉంది. అది లోపల ఉండగా ఎన్ని రకాల పత్తి మార్చినా వృథా.

థైరాయిడ్ గోళీ వేసుకునే అక్కలు: గోళీకి, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట తేడా ఉండాలి. ఐరన్ గోళీ చాయ్‌తో అసలు వద్దు.

మలం తారులా నల్లగా రావడం, వాంతిలో రక్తం, మింగుతుంటే అడ్డం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి ఉంటే ఇక్కడ పోస్టులు చదువుతూ కూర్చోవద్దు. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడితే గ్యాస్ అని సోడా తాగొద్దు, 108కి ఫోన్ చేయండి.

మిర్యాల_నైట్‌డ్యూటీ
ఇంతమంది రాశారు, థాంక్స్. నేను నొప్పి గోళీలు వాడను అన్నా. కానీ మా హమాలీలు వాడతారు. సగం చాయ్, ఒక గోళీ, మళ్ళీ బస్తా. మీరు రాసింది ప్రింట్ తీసి కాంటా గదిలో అంటిస్తా. నల్ల మలం, బరువు తగ్గడం లాంటివి నాకేమీ లేవు. పాలు పడతాయి. గద్వాల అన్నకు సమాధానం: బజ్జీలు ఉంటాయి, లెక్క అడగొద్దు.

ఎనర్జీ డ్రింకులు ఎట్లా? పక్క మిల్లు కుర్రాడు అవే తాగుతాడు.

జడ్చర్ల_డికాషన్
వద్దు. మన దగ్గర నిబంధన ప్రకారం లీటరుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదు, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 దాకా. ఒక ఇన్‌స్టంట్ కాఫీ కంటే కాస్త ఎక్కువ, అంతే. దానికి గ్యాసు, సిట్రిక్ ఆమ్లం, బోలెడు చక్కెర అదనం. పులి త్రేన్పులు ఉన్నవాడికి ఇంతకంటే చెడ్డది లేదు.

బదులుగా కోల్డ్ బ్రూ చెయ్. వంద గ్రాముల పొడి, ఎనిమిది వందల మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు, ఫ్రిజ్‌లో ఒక రాత్రి. పలచని బట్టలో వడకట్టు. అదే సారం. అందులో కొంచెం తీసుకుని వేడి నీళ్ళో, పాలో కలుపుకోవాలి. మన ఎండలకు బయట మాత్రం నానబెట్టొద్దు.

పాలమూరు_మాస్టారు
కోల్డ్ బ్రూలో ఆమ్లం ఉండదని కొందరు అమ్ముతున్నారు, అది నిజం కాదు. ఫిలడెల్ఫియాలో థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో కొలిచి చూశారు. వేడిదైనా చల్లదైనా పీహెచ్ 4.85, 5.13 మధ్యనే ఉంది. మొత్తం ఆమ్లాలు మాత్రం వేడి కాఫీలో ఎక్కువ దిగాయి.

జడ్చర్ల_డికాషన్
అమ్మేవాళ్ళ మాట వదిలేయండి సార్. మొత్తం ఆమ్లాలు తక్కువ అని మీరే అన్నారు కదా, నేను అడిగేది అంతే. కాకపోతే తమ్మీ, సారంలో కెఫీన్ గట్టిగా ఉంటుంది. గ్లాసు నింపుకుని తాగితే గుండె దడ.

మర్రిగూడ_వెంకమ్మచెరువు
మా ఊళ్ళ సంగతి చెప్పకుండా ఈ చర్చ నాకు సగమే అనిపిస్తోంది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్ళలోని ఫ్లోరైడ్ మా ముందు తరాల ఎముకలను ఏం చేసిందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాక్కుంటుంది. ముదురు ఆకులో ఎక్కువ, లేత ఆకులో తక్కువ. చాలాసేపు మరిగిన కడక్ చాయ్ డికాషన్‌లో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటడం మామూలే. తాగునీటికి అనుమతించిన గరిష్ఠ పరిమితే లీటరుకు 1.5. బోరు నీళ్ళతో చాయ్ పెడితే రెండూ కలుస్తాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైనవాళ్ళకు కడుపు నొప్పి, వికారం, అజీర్తి కూడా ఉంటాయి. అవి అల్సర్ లక్షణాల్లాగే కనిపిస్తాయి.

కాబట్టి మన జిల్లావాళ్ళకు నా మాట: చాయ్‌కి నల్లా నీళ్ళే వాడండి, పొలం దగ్గర బోరు నీళ్ళు వద్దు. చవక పొడి పత్తి కంటే ఆకు టీ నయం. ఆ ప్రాంతాల్లో రోజంతా తాగే అలవాటు ఉంటే టీ బదులు కాఫీ మేలు, కాఫీ గింజలో ఫ్లోరైడ్ అంత ఉండదు.

గద్వాల_గడుసుపిండం
అక్కా, ఫ్లోరైడ్ తీయడానికి నల్లగొండ టెక్నిక్ అని ఏదో ఉందంటారు, అది ఇంట్లో చేయొచ్చా?

పాలమూరు_మాస్టారు
పటిక, సున్నం కలిపి కలియబెట్టి, తేర్చి, పై నీళ్ళు తీసుకునే పద్ధతి. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970ల్లో రూపొందించింది, జిల్లా పేరే దానికి పెట్టారు. మోతాదు నీటిని బట్టి మారుతుంది, పరీక్ష చేయకుండా చేతికొచ్చినంత పటిక వేయడం మంచిది కాదు.

నిర్వాహకుడు
ఫ్లోరైడ్ గురించి విడిగా చర్చ తెరుస్తున్నాను, నీళ్ళ ప్రశ్నలు అక్కడ అడగండి. "కడుపుకు పడే ఆయుర్వేద కాఫీ" అని ఫోన్ నంబర్ పెట్టిన పోస్టు తీసేశాను.

వనపర్తి_ఆకుపచ్చ
నా గ్రీన్ టీని ఎవరూ పట్టించుకోలేదు గానీ, రోజుకు ఎంత కెఫీన్ అన్నది తేల్చలేదు.

పాలమూరు_మాస్టారు
హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు మించొద్దని చెప్పింది. 150 మిల్లీలీటర్ల కప్పుకు లెక్క: ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని కూడా ఉంది. టానిన్లు అనే ఆ వగరు పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు, మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత ఉందో తెలిసిందే. గర్భిణులు ఎంత తాగవచ్చో డాక్టర్‌నే అడగాలి, 200కు లోపే ఉండమంటారు.

అబ్బాయికి ఇంకో సంగతి. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. ఆరింటికి డ్యూటీ దిగేవాడు నాలుగింటికి కాఫీ తాగితే ఎనిమిదింటికి నిద్ర ఎక్కడిది? నిద్ర చాలకపోతే మరుసటి రాత్రి ఇంకో రెండు గ్లాసులు. అట్లా పెరుగుతుంది ఇది.

మిర్యాల_నైట్‌డ్యూటీ
సార్, అయితే ఇట్లా చేస్తా, తప్పుంటే చెప్పండి. డ్యూటీకి ముందు ఏడింటికి జొన్న రొట్టె, పప్పు. తొమ్మిదింటికి ముదురు వేపు అరబికా ఫిల్టర్ కాఫీ ఒక కప్పు. పన్నెండున్నరకు ఫ్లాస్కులో తెచ్చుకున్న మూడు నిమిషాల చాయ్, రెండు బిస్కెట్లతో. రెండింటికి అదే ఇంకోటి, అక్కడితో ఆఖరు. గేటు చాయ్ బంద్. పొద్దున ఇన్‌స్టంట్ బదులు అంబలో మజ్జిగో తాగి, కాసేపు ఆగి పడుకోవడం.

పాలమూరు_మాస్టారు
బాగుంది. కెఫీన్ 250 దాటదు. పడుకునేటప్పుడు తలవైపు మంచం కాళ్ళ కింద ఇటుక పెట్టు, మెడ కింద దిండ్లు పేర్చడం కంటే అది నయం. గోళీల కోర్సు అయ్యాక కూడా మంట ఉంటే మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

దేవరకొండ_మందులషాపు
ఆ గోళీ ఆరున్నరకు, ఏడింటి రొట్టెకు ముందు. డాక్టర్ పొద్దున అని రాసి ఉంటే నైట్ డ్యూటీ సంగతి చెప్పి టైం మార్పించుకో.

సూర్యాపేట_వంటిల్లు
ఫ్లాస్కులో పాలు కలిపిన చాయ్ పోస్తే రెండింటికల్లా వాసన మారుతుంది తమ్ముడూ. డికాషన్ ఒక ఫ్లాస్కు, పాలు ఇంకో చిన్న ఫ్లాస్కు. రోజూ వేడి నీళ్ళు, కొంచెం వంట సోడాతో కడుగు.

గద్వాల_గడుసుపిండం
ప్లాన్‌లో బజ్జీ ఎక్కడుందో కనపడలేదు.

మిర్యాల_నైట్‌డ్యూటీ
సాయంత్రం ఐదింటికి మార్చిన అన్నా, అది లెక్కలో రాయలేదు అంతే. చాయ్‌అన్నా, ఒక డౌట్: రెండు గ్లాసుల డికాషన్‌కు పత్తి ఎంత?

హైవే_చాయ్‌అన్న
గ్లాసుకు ఒక చిన్న చెంచా చాలు, తల కొట్టి. రంగు తక్కువైందని ఎక్కువసేపు ఉంచకు, కావాలంటే ఇంకో అర చెంచా వెయ్, టైం మాత్రం అదే మూడు నిమిషాలు. హైదరాబాద్ వైపు పోయేటప్పుడు మా దగ్గర ఆగి, మిర్యాల మిల్లు అని చెప్పు, కొత్త గిన్నెలో పెట్టిస్తా.